పాలపిట్ట స్వెట్టరు

అనగనగా మబ్బులు గుమ్మంలోకి వచ్చేసే ఒక కొండ ఊళ్ళో నూకాలనే ఆవిడ ఉండేది. మొగుడు సింహాద్రి, అత్త బోడెమ్మ, ఒక గొర్రెల మంద, అదీ ఆవిడ సంసారం. కాళ్ళు ఆడించకు, కథ జారిపోతుంది.

వానలు వెలిశాక ఆ ఊరి మగవాళ్ళు గొర్రెల్ని పైకొండకి తోలుకుపోయేవాళ్ళు. అక్కడ గడ్డి బాగుంటుంది, చలి చంపేస్తుంది. కిందటేడు సింహాద్రి దగ్గుతో దిగొచ్చి మంచం పట్టాడు, పోతాడనే అనుకున్నారు. నూకాలుకి ఆ భయం పోలేదు. ఈసారి స్వెట్టరు అల్లి తొడగందే పంపనంది.

ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. స్వెట్టరు వీపు మీద చెట్టో పిట్టో, కళ్ళారా చూసిందేదో ఒకటి రంగుల్లో అల్లాలి. ఒక ఇంటి బొమ్మ ఇంకో ఇంట్లో అల్లకూడదు. నూకాలు వాళ్ళింటికి బొమ్మే లేదు. ఆవిడకి అదో చిన్నతనం.

అప్పుడు నూకాలు పెరట్లో కూర్చుని చీమల బారు చూసింది. "అది ఎదురింటోళ్ళది," అంది అత్త. ఆ తర్వాత జొన్నకంకి చూసింది. "అది పైవీధోళ్ళది," అంది అత్త. నూకాలుకి ఒళ్ళు మండి పొలం గట్టుకి పోయింది. అక్కడ పాలపిట్ట ఉంది. కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే రెక్కల నిండా నీలం. అది ఎవరిదీ కాదు.

అప్పుడు ఇంటికొచ్చి, చేటలో బియ్యమూ మినుములూ పేర్చి బొమ్మ చూసుకుంది. బియ్యపు గింజ తెల్లదారం ముడి, మినపగింజ నీలం ముడి. సగం రెక్క కోడి తినేసింది. కోడిని తిట్టి మళ్ళీ పేర్చింది.

ఆ తర్వాత రెండు వెదురు పుల్లలు పట్టుకుని అల్లింది. ముందు నీలం వస్తే తెలుపు వెనక నడవాలి, తెలుపు వస్తే నీలం వెనక నడవాలి. వెనక దారం వదులైతే బొమ్మ చెదురుతుందని, ముడిముడికీ గట్టిగా బిగించి లాగింది. బొమ్మ ఎంత బాగా వచ్చిందంటే, ఎదురింటావిడ చూసి రెండో పూట అన్నం మానేసింది.

మందలు కదిలే పొద్దున ఊరంతా చేరింది. సింహాద్రి బొమ్మ కూడా చూడకుండా స్వెట్టరులోకి తల దూర్చాడు. దూరలేదు. చేతులు దూర్చాడు, మోచేతుల దగ్గర ఇరుక్కున్నాయి. ఇద్దరు పట్టి లాగితే ముక్కు గీరుకుంది. వెనక దారం బిగువుకి అది చెక్కపలకలా సాగనే సాగలేదు. జనం పగలబడి నవ్వారు. సింహాద్రి పాత గోనెపట్టా కప్పుకుని, గొర్రెల వెంట పోయాడు.

నూకాలు గడపలో కూర్చుని ఏడ్చింది. నవ్వినందుకు కాదు, ఆ గోనెపట్టా చూసి.

"ఏటే, ఎందుకేడుస్తావు?" అంది బోడెమ్మ, స్వెట్టరు తిరగేసి చూస్తూ. "పైపక్క ఊరంతా సూత్తారు. లోపక్క ఆడి ఒంటికే తగుల్తాది. నువ్వు ఊరికోసం అల్లేవు."

నూకాలు కళ్ళు తుడుచుకుని స్వెట్టరంతా ఊడదీసింది. ఆ తర్వాత వెనక దారం వదులుగా వదిలేసి మళ్ళీ అల్లింది. పిట్ట తోక కొంచెం వంకరపోయింది. పోనిమ్మంది.

అప్పుడు దాన్ని చంకన పెట్టుకుని పైకొండ ఎక్కింది. సింహాద్రి బండ చాటున ముడుచుకుని దగ్గుతున్నాడు. నూకాలు పరుగున పోయి స్వెట్టరు తలమీంచి తొడిగింది. ఈసారి అది గబుక్కున ఒంటి మీదికి దిగిపోయింది. కాసేపటికి దగ్గు సద్దుమణిగింది.

"యెచ్చగుందే. ఏటి బొమ్మేసేవు?" అన్నాడు, గడ్డం లోపలికి దూర్చి.

"ఇప్పి సూడు మావా."

"ఇప్పను," అన్నాడు సింహాద్రి.

ఎండలు ముదిరేదాకా విప్పనే లేదట. దాని మీద ఏ పిట్ట ఉందో ఊరంతా చెప్పుకున్నారు, అతనికి మాత్రం తెలీదు. అది చూసి నూకాలు ఆ ఏడాదంతా మురిసిపోయింది.

కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
దుప్పటి లాగు ఒంటికి!