ఏదులకొండ మీద తొలిచూపు

వామనాచార్యుల వారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో ముందు అక్కడికి వెళ్ళి చూసేవారు. చిరకాలం చరిత్ర బోధించి విరమించినవారు కనుక, చోటు చూడకుండా రాసిన చరిత్ర మీద ఎంత నమ్మకమో, చోటు చూడకుండా చేసిన ఉపదేశం మీదా ఆయనకు అంతే నమ్మకం. ఆకలి గురించి అడిగినవాడి ఇంటికి భోజనానికి వెళ్ళారని చెబుతారు. మోక్షం గురించి అడిగినవాళ్ళ విషయంలో ఈ పద్ధతి ఎలా నడిచిందో చెప్పే ఆధారాలు మాత్రం దొరకలేదు.

చెంగల్రాయుడి ప్రశ్న మోక్షానికి చాలా దిగువది. "అయ్యవారూ, కొండమీది ఇంట్లో అందరూ సంతోషంగా ఉండడానికి ఏ ఋతువు మంచిది?" అని అడిగాడు.

తోటి శిష్యులు నవ్వారు. రాయుడు నవ్వలేదు. ఏదులకొండ మీద తండ్రి కట్టించిన పెంకుటిల్లు అతనికీ, తమ్ముడు మునిరత్నానికీ ఉమ్మడి. అక్కడ హోటలు కట్టదలచిన ఆసామి ఒకడు దానికోసం తిరుగుతున్నాడు. మునిరత్నం భార్య దమయంతి కృష్ణాతీరపు మనిషి. ఏడాదంతా తాళం వేసి, సెలవుల్లో బూజు దులపడానికి వెళ్ళే ఇల్లు మనకెందుకన్నది ఆమె వాదం. నిష్పక్షపాతంగా చూస్తే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చివరికి తమ్ముడు వచ్చి, "ఇంకొక్కసారి వస్తాంలే అన్నా. ఆమెకు నచ్చితే ఉంచుకుందాం, లేదంటే అమ్మేద్దాం. ఎప్పుడు రమ్మంటావో నువ్వే చెప్పు" అన్నాడు. ఆ 'ఎప్పుడు' అన్న మాట రాయుడికి కంటిమీద కునుకు లేకుండా చేసింది.

"చూడకుండా ఎలా చెప్పను? పద" అన్నారు ఆచార్యులు.

అది వైశాఖం. కింద ఊరు పెనంలా కాలుతుంటే, కొండమీద తెల్లవారేసరికి దుప్పటి వెతుక్కోవలసిన చల్లదనం. ఆ ఇంటికి ఒక కట్టడి ఉంది: బండి దిగినవాళ్ళు సామాను లోపల పెట్టకముందే, కాఫీ నోట పడకముందే, వరండా చివరిదాకా వచ్చి తొలిచూపు చూడాలి. కట్టడి రాయుడిదే. సర్వే శాఖలో పనిచేసి విరమించినవాడు. తాను వేలు చాపి చూపించనిదేదీ భూమి మీద ఉన్నట్టు అతను ఒప్పుకోడు. అతని భార్య సుగుణమ్మ ఈ కట్టడితో కాపురం చేసి, ఒకే కాఫీని రెండుసార్లు వెచ్చబెట్టినా రుచి చెడకుండా చూడడం నేర్చుకుంది.

"అదిగో అయ్యవారూ, వరసగా ఐదు చెరువులు. ఇప్పుడు ఎండిపోయినాయి గానీ, వానల్లో చూడాల. అద్దాలు పరిచినట్టుంటాయి."

"ఊఁ."

"ఆ పక్కన జలపాతం. ఇప్పుడు నీళ్ళుండవు."

"ఊఁ."

"ఇదో, ఈ బండమీదనే పూర్వం ఒక రాజు కూర్చుని సేద తీరినాడంట."

"ఏ రాజు?"

"పేరు తెలీదు స్వామీ."

"ఏ కాలం?"

"అదీ తెలీదు."

"కూర్చున్నాడని మాత్రం తెలుసు?"

"మా నాయన చెప్పినాడు."

"అయితే నిలబడి ఉండడులే" అని ఆచార్యులు లోపలికి నడిచారు.

ఆ మధ్యాహ్నం సుగుణమ్మ నీళ్ళగంగాళంలో నానబెట్టిన మామిడిపండ్లు తెచ్చి వరండాలో పెట్టింది. ఆచార్యులు పంచె మీద రసం కారుతున్నా లెక్కచేయకుండా టెంకదాకా జుర్రుకున్నారు. రాయుడు పండు చేత్తో పట్టుకుని శ్రావణమాసపు జలపాతాన్ని వర్ణిస్తూ కూర్చున్నాడు. జలపాతం సగం దూకిందో లేదో, కోతి ఒకటి వచ్చి ఆ పండు పట్టుకుపోయింది.

శ్రావణంలో మళ్ళీ వెళ్ళారు. చెరువులు నిండాయి, జలపాతం నిజంగానే దూకుతోంది, కొండంతా తడిసిన ఆకుల వాసన. ఆచార్యులు గొడుగు వేసుకుని జలపాతం కిందిదాకా దిగి, మోకాళ్ళదాకా బురదతో, మడమకు ఒక జలగతో తిరిగివచ్చి, "ఒక ప్రాణికి అన్నదానం జరిగింది" అని సంతోషంగా ప్రకటించారు. రాయుడు ఉప్పు తెచ్చి జలగను ఊడదీస్తూ, "ఇది సరైన కాలం కాదు స్వామీ. పెంకులు కారతాయి, పక్కబట్టలు ముక్కిపోతాయి. దమయంతికి జలగంటే చచ్చేంత భయం. చలికాలంలో చూడాల మీరు, మబ్బు నడిచొచ్చి మన పక్కనే కూర్చుంటుంది" అన్నాడు. ఆచార్యులు జలపాతం వైపు చూస్తూ తల తుడుచుకున్నారు.

చివరికి రాయుడు తన శాఖకు తగినట్టు అన్ని వైపులా కొలిచి నిర్ణయించాడు. కార్తీకంలో చెరువులు ఇంకా నిండుగా ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది, జలగలు సెలవు తీసుకుని ఉంటాయి. ఆ మాసానికే తమ్ముణ్ణి సకుటుంబంగా పిలిచాడు. ఆచార్యులు అవుననలేదు, కాదనలేదు. కంబళి మాత్రం తెచ్చుకున్నారు.

వాళ్ళు కొండెక్కిన ఉదయం ఏ పంచాంగమూ చెప్పని మంచు కురిసింది. వరండా చివరి స్తంభం దాటితే లోకం లేదు. దమయంతి శాలువా తలమీదుగా కప్పుకుని, పళ్ళు పటపట కొట్టుకుంటుండగా వచ్చి నిలబడింది.

"ఏవీ బావగారూ, చూపించండి మీ అయిదు చెరువులు."

రాయుడు వేలు చాపాడు. "అదిగో, ఆ తెల్లగా ఉండేదాని వెనక."

"దాని వెనకా తెల్లగానే ఉందండీ."

"దానికి కూడా వెనక. అక్కడ మొదటి చెరువు."

"నిండుగా ఉన్నట్టే ఉండాదన్నా" అన్నాడు మునిరత్నం, అన్న మనసు నొప్పించకూడదని.

కట్టడి కట్టడే. తొలిచూపు కాకుండా లోపలికి పోవడానికి లేదు. చూద్దామంటే చూపు ఆనేందుకు ఏమీ లేదు. అందరూ అలాగే వణుకుతూ నిలబడ్డారు. లోపలినుంచి సుగుణమ్మ కేక వేసింది: "ఏమయ్యా, కాఫీ మళ్ళా చల్లారిపోతా ఉంది! ఈ తూరి వెచ్చబెడితే అది కషాయమే!"

"ఉండవే, ఇప్పుడే తేలిపోతుంది."

అప్పుడు ఆచార్యులు వరండా చివరికి నడిచి, ఆ తెల్లదనానికి ఎదురుగా నిలిచి, శ్రద్ధగా ఆ కొస నుంచి ఈ కొసదాకా చూశారు. "చూశాను" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయారు. గురువు చూసినదాన్ని చూడలేదనే ధైర్యం ఎవరికుంది? మునిరత్నం, "నేనూ చూసినా అన్నా" అన్నాడు. "చాలా బాగుంది బావగారూ" అంటూ దమయంతి ఒక్క పరుగు తీసింది.

రాయుడు కదలలేదు. ఇల్లు నిలవాలంటే ఆమె ఆ చెరువులు చూడాలి. అవి కనబడకపోతే తండ్రి కట్టిన గోడలు వచ్చే వేసవికి హోటలు గోడలు. దుర్భిణి కళ్ళకు ఆనించి, ముట్టడిలో ఉన్న కోట కాపలావాడిలా మంచును పరీక్షిస్తూ నిలబడ్డాడు. వెనకనుంచి కట్టెల పొయ్యి వాసన, ఆ వెంట మిరపకాయ బజ్జీల వాసన వచ్చాయి. నవ్వులు వినిపించాయి. ఒకచోట మంచు పలచబడినట్టయి, "రండి, రండి! కనబడతా ఉంది!" అని అరిచాడు. బజ్జీలు చేతపట్టుకుని అందరూ పరుగెత్తుకొచ్చేసరికి అది మూసుకుపోయింది. రెండోసారి అరిస్తే మునిరత్నం ఒక్కడే నములుతూ వచ్చాడు. మూడోసారి, "వస్తున్నాం!" అన్న కేక వచ్చింది గానీ మనిషి రాలేదు.

సరిగ్గా అప్పుడే మంచు నిజంగా విడిచింది. తెర లాగినట్టు కొండ కింద నేలంతా బయటపడింది. అయిదు చెరువులూ ఒకదాని వెంట ఒకటి ఎండలో వెలిగాయి. ఇక కేకలతో పని లేదనుకున్నాడు రాయుడు. దుర్భిణి అక్కడే వదిలి వంటింటికి పరుగెత్తాడు.

గుమ్మంలోనే ఆగిపోవలసి వచ్చింది. దమయంతి పొయ్యికి కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, తన శాలువా మీద సుగుణమ్మ పాత శాలువా కూడా కప్పుకుని, అచ్చం బావగారి గాంభీర్యంతో జల్లిగరిటె ముందుకు చాపి చూపిస్తోంది. "అదిగో, ఆ బజ్జీ వెనక ఇంకో బజ్జీ. దాని వెనక నూనె. దానికి కూడా వెనక మొదటి చెరువు!"

"చాలు మే, పొట్ట నొస్తా ఉంది" అని సుగుణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. మునిరత్నం గోడకు ఒరిగిపోయాడు. ఆచార్యులు బొరుగుల ఉగ్గాని పళ్ళెం పట్టుకుని, అత్యంత గంభీరంగా, "ఆ బజ్జీ మీద ఏ రాజు కూర్చున్నాడో చెప్పలేదు" అంటున్నారు.

దమయంతి బావగారిని చూసి నాలుక కరుచుకుంది. గరిటె దించింది గానీ నవ్వు దిగలేదు. "ఉగాదికి మళ్ళీ వస్తాం బావగారూ. అక్క నాకు ఉగ్గాని నేర్పుతానంది. ఈ వంటిల్లు మాత్రం ఎవ్వరికీ అమ్మనివ్వను, ముందే చెబుతున్నా. కావాలంటే ఆ వరండా హోటలాయనకు ఇచ్చేయండి."

"చెరువులు..." అన్నాడు రాయుడు. "అయిదూ కనబడతా ఉండాయి."

"ఉంటాయి లెండి, ఎక్కడికి పోతాయి? ఈ వాయి దించి వస్తాం."

వాయి దించి వెళ్ళేసరికి మంచు మళ్ళీ కప్పుకుంది. అందరూ వరండా చివర వరసగా నిలబడి, "చూశాం" అని చెప్పి వచ్చారు.

సాయంత్రం ఆచార్యులు ప్రయాణానికి కంబళి మడత పెట్టుకుంటుంటే రాయుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇల్లు నిలిచినందుకు ముఖం వెలుగుతోంది. లెక్క కుదరనందుకు నొసలు ముడిపడి ఉంది.

"ఆమె ఏమీ చూడకనే ఒప్పుకునింది అయ్యవారూ. అయితే కార్తీకమే మంచిదనుకోవాలా? ఉగాదికంటే చెరువులు సగానికి దిగిపోతాయి. అంతకన్నా మళ్ళా శ్రావణంలోనే రమ్మంటే ఆ జలపాతం... మీరన్నా తేల్చి చెప్పండి, ఏ ఋతువు?"

ఆచార్యులు కంబళి మడత మీద చెయ్యి ఆపి అతనివైపు చూశారు.

"నేను వచ్చినప్పుడల్లా నువ్వు కొండమీద లేవు రాయుడూ. ఈసారి నువ్వూ రా. అప్పుడు చూసి చెబుతాను."