గుర్రపుసాలలో నిండు గర్భిణి

మీ ఊళ్లో నిండు గర్భిణికి జ్వరమొస్తే ఎవరు చూస్తారు, చెప్పండి?

ఎర్రగుట్టలో చూసే దిక్కు లేక, కుమ్మరి సోమాలు కోడలిని రాజుగారి గుర్రపుసాలలో గడ్డి మీద పడుకోబెట్టింది. తనిఖీకొచ్చిన రాజు మండిపడ్డాడు.

"ముసలీ, ఇది గుర్రాల చోటు! రాజధానిలో జ్వరానికి వైద్యుడున్నాడు, కాన్పుకు మంత్రసాని ఉంది."

"అంతదూరం ప్రాణంతో చేరాలి కదా దొరా! మీ గుర్రాలకైతే పన్నూ, డెక్కా, ఈనడమూ అన్నీ ఇక్కడే మా ఊరి మల్లడు చూస్తాడు. మీరే నేర్పించారు. దీన్నీ ఓ గుర్రమనుకోండి."

రాజు తల దించుకుని, తన రథం పంపి వైద్యుల్ని రప్పించాడు. కోడలూ, బిడ్డా బతికారు.

"వీళ్లు రేపు వెళ్లిపోతారు. మల్లడికి నేర్పినట్టే మా ఆడపిల్లలకూ నేర్పించండి," అంది సోమాలు. రాజు అలాగే నేర్పించాడు.

రాజుకొచ్చిన సిగ్గు మనకింకా రాలేదే! లేవండి, మీ ఊరి ఆడపిల్లల్లో ఒకర్ని వైద్యం నేర్చుకోవడానికి ఈ వారమే పంపండి.