జంబయ్య మంచుకొండ ప్రయాణం

అనగనగా ఒక చిట్టడవిలో తొగరమ్మ అనే నక్క కాపురముండేది. ఆమె మొగుడు జంబయ్య. పని తక్కువ, మాట ఎక్కువ. ఒక ఏడాది వాళ్ళ పిల్లలిద్దరూ మంచుకొండ చూడాలని పేచీ పెట్టారు. సరేనని నలుగురూ కాలినడకన బయలుదేరారు. మధ్యలో మూడు రాజ్యాలు దాటాలి.

మొదటిది అడవిదున్నల రాజ్యం. పొలిమేరలో కాపలా దున్న ఆపింది. "ఎక్కడి నుంచి?" అని అడిగింది.

జంబయ్య తోక ఊపాడు. "ఆ దిక్కుమాలిన చిట్టడవి నుంచి, దొరా. అక్కడ మర్యాద తెలిసినవాడు ఒక్కడూ లేడు. మీ దగ్గర గాలి పీల్చినా కడుపు నిండుతుంది."

దున్న మురిసిపోయింది. పడుకోవడానికి మెత్తటి గడ్డి కూడా పరిచింది.

రెండోది నెమళ్ళ రాజ్యం. "ఆ దున్నలకి ఒళ్ళే గాని బుర్ర లేదు, తల్లీ. ఆ కంపులో పడుకోలేక చచ్చాం," అన్నాడు జంబయ్య. కాపలా నెమలి పురి విప్పి నవ్వింది. పిల్లలకు పళ్ళు పెట్టింది.

మూడోది ఎలుగుబంట్ల రాజ్యం. "నెమళ్ళా? తోక చూసి మోసపోకండి. ఆ గొంతు వింటే చెవులు చిల్లులు పడతాయి," అన్నాడు. కాపలా ఎలుగు పొట్ట పట్టుకుని నవ్వి, తేనెపట్టు ఇచ్చింది.

తొగరమ్మకు ఆ తేనె మింగుడుపడలేదు. "నిన్న వాళ్ళ పళ్ళే తిన్నాం కదయ్యా. పిల్లలు వింటున్నారు," అంది.

"దాటేశాక ఎవడు వింటాడే? లోకం తెలియనిదానివి, ఊరుకో."

ఆమె పిల్లల్ని వెంటబెట్టుకుని ముందుకు నడిచింది.

మంచుకొండ మీద పిల్లలు కరువుతీరా దొర్లారు. తర్వాత తిరుగు ప్రయాణం. ఎలుగుల పొలిమేర దాటి, మధ్యనున్న సన్నటి రాతినేల మీదుగా నెమళ్ళ పొలిమేరకు వచ్చారు. అప్పటికే గోరువంకలు అన్ని రాజ్యాలకూ మాటలు మోసేశాయి. అంత తెలివైన జంబయ్యకి, ఇంటికి పోయే దారి కూడా అదేనని తోచనే లేదు.

"మా గొంతుకి చెవులు చిల్లులు పడతాయట కదా," అంది నెమలి. "దూరంగా పోయి వాటిని కాపాడుకో."

"నేననలేదు తల్లీ. ఆ ఎలుగులు ఒట్టి తాగుబోతులు. అంతా వాళ్ళే కల్పించారు."

వెనక పొలిమేరలో నిలబడ్డ ఎలుగు ఆ మాట విన్నది. ఆ దారీ మూసేసింది.

నీళ్ళు లేని రాతినేల. మిటమిటలాడే ఎండ. పిల్లలు నాలుకలు వేలాడేశారు. జంబయ్య ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంటున్నాడు. తొగరమ్మ అతన్ని పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

"అన్నాడు తల్లీ. మీ పళ్ళు తిన్న నోటితోనే అన్నాడు. నేను విని కూడా గట్టిగా అడ్డుపడలేదు. మా ఇద్దరినీ ఆపు. పిల్లలకు మాత్రం గుక్కెడు నీళ్ళు ఇవ్వు."

నెమలి దారికి అడ్డు తొలగింది. "నువ్వూ పిల్లలూ రండి. దున్నలకు నేను చెబుతాను. అతను మాత్రం ఈ రాజ్యాల బయటున్న ఎడారి చుట్టి పోవాలి," అంది.

తొగరమ్మ పొలిమేర దాటి వెనక్కి చూసింది. జంబయ్య అప్పుడే ఒక తొండ పక్కన చతికిలబడి, తన పెళ్ళాం ఎంత విశ్వాసం లేనిదో చెప్పుకుంటున్నాడు. ఆమె పిల్లల్ని పట్టుకుని నీళ్ళ వైపు నడిచింది.

నీతి: ఎదుట ఉన్నవాణ్ణి మెప్పించడానికి దగ్గర లేనివాణ్ణి తిట్టే నోటికి, చివరికి ఏ గుమ్మంలోనూ చోటు దొరకదు.