మిథిలలో మేక

కూర్మనాథ భాగవతార్ గారిని ప్రశ్న అడిగినవాళ్ళెవరూ అదే పూట జవాబు పుచ్చుకుని ఇంటికి వెళ్ళింది లేదు. అడిగిందంతా ఓపిగ్గా వింటారు, కండువాతో మొహం తుడుచుకుంటారు, ఆ తర్వాత సంబంధం లేని పని ఏదో పురమాయిస్తారు. ఆయన దగ్గర హరికథ నేర్చుకుంటున్న కాత్యాయనికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసి కూడా ఆ శ్రీరామనవమి మధ్యాహ్నం అడిగేసింది. ఇక ఆగడం ఆమె వల్ల కాలేదు.

హరికథ కూర్చుని చెప్పేది కాదు. కాళ్ళకి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, గంటల తరబడి ఆడుతూ పాడుతూ చెప్పాలి. పిల్లలు పుట్టాక కాత్యాయని ఒళ్ళు చేసింది, కుడి మోకాలు మొరాయించడం మొదలుపెట్టింది. బరువు తగ్గకపోతే గజ్జె సంగతి మరిచిపొమ్మని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ మాట విని ఆమె ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చింది. అప్పటినుంచీ పొద్దున రాగిజావ, మధ్యాహ్నం గుప్పెడన్నం, సాయంత్రం నడక. పట్టుదలకేం లోటు లేదు. కానీ సంసారం ఊరుకుంటుందా? ఓ వారం ఆడపడుచు సీమంతం, ఇంకో వారం చిన్నవాడికి జ్వరం, అది తగ్గేసరికి అత్తగారికి కంటి ఆపరేషను. ఒక్క బొబ్బట్టు నోట్లో పడితే చాలు, వ్రతభంగమైపోయిందనుకునేది. చెడిన వ్రతానికి నియమమేమిటని మిగతా బొబ్బట్ల పని కూడా పట్టేది. మళ్ళీ సోమవారం తలంటుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని మొదలు. వాకిట్లో ముగ్గు వేస్తూ ఒక్క చుక్క తప్పినా మొత్తం చెరిపేసి కొత్తగా పెట్టే మనిషి మరి.

అందుకే గురువుగారి ఒళ్ళు ఆమెకి పెద్ద వింత. డెబ్భై దాటిన మనిషి. ఊరూరా కథలు, ఇంటింటా విందులు. ఆ మధ్యాహ్నం కూడా పందిరి వేయించిన పెద్దమనిషి ఇంట్లో బూరెల మీద నెయ్యి పోయించుకుని మరీ తిన్నారు. అయినా ఆయన నడుము పాతికేళ్ళ కుర్రాడి నడుమే. ఏ పసరో, ఏ చూర్ణమో దాచుకుని ఉంటారని కాత్యాయని అనుమానం. ఆయన చూడకుండా చేతిసంచీలోకి ఒకసారి తొంగి చూసింది కూడా. తమలపాకులూ, కళ్ళజోడూ తప్ప ఏమీ లేవు.

"గురువుగారూ, నాలుగు రోజులు సవ్యంగా గడిస్తే ఏదో ఒకటి వచ్చి నెత్తిన పడుతోంది. అంతా పాడైపోతోంది. మీకు ఏ అడ్డమూ రాదా? రాకుండా ఏం చేస్తారు?" అని అడిగింది.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

"సాయంత్రం సీతాకల్యాణం నువ్వు చెప్పమ్మా. నేను ముందు కూర్చుని వింటాను."

సాయంత్రం కాత్యాయని జనం చేత గోవింద కొట్టించి కథ ఎత్తుకుంది. విశ్వామిత్రుడి వెంట రాముణ్ణి అయోధ్య దాటించింది, తాటకని చంపించింది, అహల్యకి శాపం తీర్పించింది. మోకాలు నొప్పెడుతున్నా గొంతు ఖంగుమంటోంది. జనకుడి సభలో రాముడు విల్లు ముందుకొచ్చి నిలబడ్డాడు. ముసలమ్మలు ముందుకు జరిగారు. సరిగ్గా అప్పుడు ఒక మేక, పందిరి గుంజకి కట్టిన మామిడాకులు నములుతూ నములుతూ వేదిక ఎక్కి, మృదంగం ఆయన తాంబూలంలో మూతి పెట్టింది. ఆయన అదిలించాడు, అది కదల్లేదు. పిల్లలు ఈలలు వేశారు. పందిరంతా ఒకటే నవ్వు.

మేకని గెంటేసి జనం సర్దుకునేసరికి కాత్యాయని మనసు విరిగిపోయింది. ఇంత చక్కగా నడిచిన కథ చెడిపోయిందే అనిపించింది. చెడిన కథని అక్కణ్ణుంచే సాగించడానికి ఆమెకి నోరు రాలేదు. మళ్ళీ గోవింద కొట్టించి, మళ్ళీ అయోధ్య నుంచి అందుకుంది. వయొలిన్ ఆయన బిత్తరపోయి మృదంగం ఆయన వైపు చూశాడు. తాటక రెండోసారి చచ్చింది, అహల్య రెండోసారి లేచింది. రాముడు మిథిల పొలిమేర చేరాడో లేదో హారతి గంట కొట్టేశారు. సీత దండ పుచ్చుకుని నిలబడే ఉండిపోయింది.

"పెళ్ళి చూసి పోదామని కూచుంటే, ఆ తాటకనే రెండుసార్లు చంపింది కదే!" అని ఒక ముసలమ్మ గొణుక్కుంటూ లేచింది. ఆ మాట కాత్యాయని చెవిన పడనే పడింది.

పందిరి వెనక గజ్జె విప్పుకుంటూంటే ఎవరో దొన్నెలో పులిహోర తెచ్చిచ్చారు. తినేసింది. ఇంకో దొన్నె అడిగి పుచ్చుకుంది. గురువుగారు వచ్చి పక్కన కూర్చుంటే కళ్ళెత్తి చూడలేకపోయింది.

"ఇంకేముంది గురువుగారూ, ఈ రోజు ఎలాగూ పోయింది. సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడతాను," అంది.

ఆయన చాలా మామూలుగా అడిగారు.

"మేక వచ్చేసరికి రాముడు ఎక్కడున్నాడమ్మా?"

"మిథిలలోనండీ. విల్లు ముందు."

"అది ఆయన్నేమైనా వెనక్కి తోసిందా?"

దొన్నె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. లేదన్నట్టు తలూపింది.

"మరి పాపం, ఆయన్ని మళ్ళీ అయోధ్య నుంచి ఎందుకు నడిపించావు?" అన్నారు భాగవతార్ గారు.