పైడమ్మ ఆర్పిన పొయ్యి

అనగనగా అంటే ఎప్పుడని నన్నడక్కండి. అగ్గిపెట్టె ఇంకా పుట్టని రోజులు. అంతవరకే నాకు తెలుసు. నేను చెబుతుంటే మీరు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే నేనూ ఆపేస్తాను. ఎవరికి నిద్రొచ్చిందో, ఎవరికి మనసు బాగోలేదో చూసుకుని మళ్లీ మొదలుపెడతాను.

రెండు కొండల సందులో చలిగొంది అని ఒక ఊరుండేది. ఎండాకాలంలో ఆ ఊరివాళ్లంత సరదా మనుషులు ఇంకెక్కడా లేరు. మంచాలు వీధిలోనే, భోజనాలు వీధిలోనే, తగువులు కూడా వీధిలోనే. పుష్యమి కార్తె వచ్చేసరికి మబ్బు కొండ దిగి ఊరి మీద కూచునేది. హస్త కార్తె దాటేదాకా లేచేది కాదు. ముసురు, ముసురు, ఒకటే ముసురు. ఉతికిన బట్ట ఆరదు. చేసిన కుండ ఆరదు. నేతగాళ్ల మగ్గం గుంటలో నీళ్లు ఊరతాయి. పనుల్లేక ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవాళ్లు.

తలుపుల వెనక కొందరు హాయిగా నిద్రపోయేవాళ్లు. కొందరు మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాళ్లు. అన్నం పెడితే తినరు, పిలిస్తే పలకరు. దానికి ఊళ్లో సరైన పేరు లేదు. బద్ధకం అన్నారు. గాలి సోకింది అన్నారు. వానలు వెళ్తే అదే పోతుంది అన్నారు. కొందరికి పోయేది. కొందరికి పోయేది కాదు. ఆ కొందరి గురించి తర్వాత ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

ఆ ఊళ్లో నిప్పుకి రెండు కట్టుబాట్లు ఉండేవి. పొయ్యిలో నిప్పు ఆరిపోకూడదు. రాత్రి బూడిద కప్పి దాచి, తెల్లారి ఊది లేపుకోవాలి. అది ఇంటి కోడలి పని. ఆరిపోతే ఆ కోడలి పరువు కూడా దాంతోపాటే పోయేది. ఇక రెండోది, ఎవరొచ్చి నిప్పడిగినా లేదనకూడదు. పగవాడు అడిగినా తలుపు తీసి ఇవ్వాల్సిందే.

ఆ ఊరికి కోడలిగా వచ్చింది అచ్చియ్యమ్మ. మొగుడు సన్నాసి కొండెక్కి కట్టెలు కొట్టి ఊళ్లో అమ్మేవాడు. అచ్చియ్యమ్మ ఒళ్లు దాచుకోని మనిషి. నిప్పు కాపాడటంలో ఆమెని మించినవాళ్లు లేరు. ఇంత ఉండీ ఆమెకి సుఖం లేదు, ఎందుకంటే ఆ ఇంట్లో అత్త పైడమ్మ ఉంది.

పైడమ్మ గుప్పెడు మనిషి. కట్టెలమోపు వెనక నిలబడితే కనిపించదు. ఎండాకాలమంతా నోట్లో నాలుక లేనట్టే ఉండేది. మబ్బు దిగిందా, ఇక మొదలు. తెల్లారేసరికి అచ్చియ్యమ్మ పొయ్యి రాజేసి గంజికుండ ఎక్కించేది. పైడమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి పొయ్యిలో గుమ్మరించేది. చుయ్యిమని ఇల్లంతా పొగ.

"ఏటత్తా ఇది!"

"అయ్యో, ఆరిపోనాదే అచ్చీ!"

"ఆరిపోలేదు, నువ్వే ఆర్పేసినావు!"

"ఎలాగైతేనేటి, ఆరిపోనాది కదా. నిప్పు తెస్తానుండు."

పగిలిన కుండపెంకు చేత్తో పట్టుకుని, తాటాకు గొడుగు నెత్తిన పెట్టుకుని వీధిలోకి దిగేది. ఈ రోజు ఒక ఇల్లు, రేపు ఇంకో ఇల్లు, ఎల్లుండి మరో ఇల్లు.

మీరే చెప్పండి, ఏ కోడలు భరిస్తుంది? నీళ్లకి వెళ్తే ఆడవాళ్లంతా మూతులు తిప్పేవాళ్లు. "కట్టెలమ్మే ఇంట్లో నిప్పు లేదంటమ్మా!" అని ఒకర్నొకరు పొడుచుకుని నవ్వేవాళ్లు. అచ్చియ్యమ్మ మొగుడి దగ్గర ఏడ్చింది. సన్నాసి తల గోక్కుని, "అమ్మ ఎప్పుడూ అంతేనే" అన్నాడు. మొగుళ్లకి ఆ ఒక్క ముక్కే వచ్చు.

ఇంతకీ ఇళ్లకి పోయి తన మీద ఏం చాడీలు చెబుతోందో అని అచ్చియ్యమ్మకి అనుమానం వచ్చింది. మూడు రోజులు వెనకాలే వెళ్లి చాటునుంచి చూసింది.

మొదటి రోజు పైడమ్మ కుమ్మరి కన్నమ్మ గుమ్మంలో నిలబడింది. "నిప్పుందేటి కన్నమ్మా? మా ఇంట్లో ఆరిపోనాది."

కన్నమ్మ ముసుగు తీసి లేచింది. "మల్లీ ఆరిపోనాదా? నీ కోడలికి సేతులు లేవేటి?" అంటూనే బూడిద కెలికింది. పైడమ్మ పెంకు ముందుకి తోసి, "నువ్వే ఊది ఇయ్యవే, నాకు ఊపిరాడదు" అంది. కన్నమ్మ ఊదింది. "ఇంకోపాలి ఊదు." ఊదింది. "ఇంకొక్కపాలి." నిప్పు ఎర్రగా లేచింది. "నా సేతులొణుకుతున్నాయి. మా గుమ్మందాకా పట్టుకొచ్చి ఇయ్యవే." తిట్టుకుంటూ, విసుక్కుంటూ, వానలో తడుస్తూ కన్నమ్మ వచ్చింది. వచ్చాక గంజి తాగింది. గంజి తాగాక ఎంతసేపో కబుర్లు చెప్పింది. వండి పెట్టినది ఎవరు? అచ్చియ్యమ్మే!

రెండో రోజు ఊరిపెద్ద అప్పలనాయుడి ఇల్లు. గాదెల నిండా ధాన్యం, దొడ్డి నిండా పశువులు. ఆయనా ఆ వేళ దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి ఉన్నాడు. "నిప్పుందేటి బాబూ? మా ఇంట్లో ఆరిపోనాది." జీతగాణ్ణి అడగమంటే పైడమ్మ వినలేదు. పెద్దచేతి నిప్పు కావాలని పట్టుబట్టింది. నాయుడు లేచి కూచుని, "మల్లీ ఆరిపోనాదా? ముసిల్దానా, నీ ఇల్లు కాలా!" అని వాకిలి అదిరేలా అరిచాడు. అరిచి, ఊదాడు. పెంకు పట్టుకుని గుమ్మందాకా వచ్చాడు కూడా.

ఇన్ని తిట్లు తిని కూడా పైడమ్మ మొహం వెలిగిపోతోంది. "తిట్నాడే అచ్చీ! బాగున్నాడు, బాగున్నాడు" అంటూ ఇంట్లోకి వచ్చింది. అత్తకి మతి చెడిందని అచ్చియ్యమ్మకి ఖాయమైపోయింది.

మూడో రోజు నేతగాడు తవిటయ్య ఇల్లు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, మగ్గమే సంసారం. "నిప్పుందేటి తవిటయ్యా? మా ఇంట్లో ఆరిపోనాది." తవిటయ్య ఒక్క మాట అనలేదు. మెల్లగా లేచి, మెల్లగా ఊది, గుమ్మందాకా తెచ్చి ఇచ్చి, గంజి ఒద్దని వెళ్లిపోయాడు.

"ఊరంతటికీ ఆ ఒక్కడే మర్యాదస్తుడు" అంది అచ్చియ్యమ్మ.

పైడమ్మ ఆ వేళ గంజి ముట్టలేదు. "తిట్టలేదే. ఒక్క తిట్టూ తిట్టలేదే" అని కూచుంది.

మర్నాడు మళ్లీ తవిటయ్య ఇంటికే వెళ్తానంది. అచ్చియ్యమ్మకి ఒళ్లు మండిపోయింది. అప్పటికే ఒక పిడతలో నిప్పు పోసి, బూడిద కప్పి, తట్ట బోర్లించి దాచింది. పైడమ్మ నీళ్లు పోసింది. అచ్చియ్యమ్మ పిడత తీసి పొయ్యి రాజేసింది. పైడమ్మ ఇంకో చెంబు పోసింది. అచ్చియ్యమ్మ మళ్లీ రాజేసింది. మూడో చెంబూ పోసింది, మూడోసారీ రాజేసింది. ఇల్లంతా బురద, పొగ. ఇద్దరికీ దగ్గు. "అదుగో నిప్పు! నిండా ఉంది! ఇంక ఏ గుమ్మం ఎక్కుతావో ఎక్కు సూస్తాను!" అంది అచ్చియ్యమ్మ.

పైడమ్మ చెంబు విసిరికొట్టింది. ఆ మనిషికి అంత గొంతుందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"నిప్పు కోసం ఎల్తన్నానని ఎవలు సెప్పినారే నీకు? ఎలాగున్నావని అడగడానికొస్తే ఎవలైనా తలుపు తీస్తారేటి? బాగున్నామని లోపల్నుంచే పంపిచ్చేస్తారు! నిప్పడిగితేనే కదా తియ్యాలి, లెగాలి, ఊదాలి! నీలాగే కొత్తగా వొచ్చినపుడు నానూ ఆ గోడకాసి తిరిగి పడుకున్నాను. ఎన్నాళ్లో తెల్దు. సచ్చిపోదామనిపించీది. ఒకామె నిజంగానే నిప్పారిపోయి వొచ్చినాది. లెగనంటే తిట్నాది. ఊదుతుంటే నాకు ఏడుపొచ్చినాది, తర్వాత ఆకలేసినాది. అదీ నా కత. మనిసి తిట్టినాడంటే లోపల ఇంకా నిప్పుంది. తవిటయ్య తిట్టలేదు. తెలిసినాదేటే మొద్దుమొహమా?"

చెప్పి, కూలబడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

అచ్చియ్యమ్మ అత్తని ఎత్తి చాప మీద పడుకోబెట్టింది. కోపం మాత్రం పోలేదు. ఇంతకాలం ఈ ముక్క చెప్పకుండా ఊళ్లో తన పరువు తీసినందుకు కోపం. కుండపెంకు లాక్కుని, గొడుగు కూడా మర్చిపోయి, వానలో పడి వెళ్లింది.

తవిటయ్య తలుపు తీసే ఉంది. ఆయన మగ్గం గుంటలో, మోకాళ్లదాకా నీళ్లలో కూచుని, గోడవైపు చూస్తున్నాడు.

"నిప్పుందేటి తవిటన్నా? మా ఇంట్లో ఆరిపోనాది."

"లేదు" అన్నాడు.

ఆ ఊళ్లో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అచ్చియ్యమ్మ పొయ్యిలో చెయ్యి పెట్టి చూసింది. చల్లటి బూడిద. వెనక్కి పరుగెత్తింది. అత్త గడప దాటకూడదని దాచిన ఆ నిప్పు పిడతే ఎత్తుకుని మళ్లీ పరుగెత్తుకొచ్చింది.

పొయ్యి రాజేస్తూ తిట్టింది. ఆయన్ని గుంటలోంచి లాగుతూ తిట్టింది. పొడి బట్ట కప్పి, గంజి కాచి, నోటికి అందిస్తూ కూడా తిట్టింది. అత్త మీద కోపం, ముసురు మీద కోపం, ఊరి మీద కోపం, అంతా ఆయన మీదే కుమ్మరించింది. గంజి సగం అయ్యాక తవిటయ్య చేత్తో చెవులు మూసుకుని, "సాల్లేవే తల్లీ, సెవులు తూట్లు పడిపోతన్నాయి" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే, జ్వరంలో ఉన్న పైడమ్మ కళ్లు తెరిచింది. "ఇసుక్కున్నాడా? ఇంక పర్లేదు" అని అటు తిరిగి నిద్రపోయింది.

ఒక్క పూటలో తవిటయ్య లేచి గెంతాడని చెబితే నేను అబద్ధాలకోరుని. రోజూ ఎవరో ఒకరు నిప్పడగడానికి వెళ్లాల్సి వచ్చింది. ఒకనాడు కన్నమ్మ, ఒకనాడు నాయుడు, మిగతా రోజులు అచ్చియ్యమ్మ. కొన్ని రోజులు లేచేవాడు, కొన్ని రోజులు లేచేవాడు కాదు. హస్త దాటి ఎండ కాశాక గుంటలో నీళ్లు తోడి, మెల్లగా మగ్గం మీద పడుగు దారాలు సవరించుకున్నాడు. ఆ తర్వాత ప్రతి ముసురుకీ అచ్చియ్యమ్మ పొయ్యి రాజేసేది, పైడమ్మ నీళ్లు పోసేది. "నీ దుంప తెగ, కుండ దింపేదాకా ఆగలేవా అత్తా!" అని కోడలు అరిచేది. పరువు సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు.

కొన్నేళ్లకి ఒక మంచి ఎండాకాలంలో, వీధిలో మంచం మీద, అందరూ చుట్టూ ఉండగా పైడమ్మ పోయింది. అచ్చియ్యమ్మ దినాలన్నీ లోటు లేకుండా చేసింది. కంట నీరు పెట్టలేదు. గట్టి మనిషి అన్నారు.

పుష్యమి కార్తె వచ్చింది. మబ్బు దిగింది. అచ్చియ్యమ్మ పొయ్యి రాజేసింది. నీళ్లు పోసేవాళ్లు లేరు. నిప్పు ఆరలేదు. ఎంతకీ ఆరలేదు. ఆమె దానివైపు చూస్తూ కూచుంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. సన్నాసి అన్నం పెడితే తినలేదు.

మొదటి రోజు కన్నమ్మ వచ్చింది. "నిప్పుందేటి అచ్చియ్యమ్మా? మా ఇంట్లో ఆరిపోనాది." అచ్చియ్యమ్మ లేచి, ఊది ఇచ్చింది. ఒక్క మాట అనలేదు.

రెండో రోజు అప్పలనాయుడే స్వయంగా, తలపాగా తడుపుకుంటూ, కుండపెంకు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నిప్పుందేటే? మా ఇంట్లో ఆరిపోనాది." అంత పెద్దమనిషి అలా నిలబడితే ఎవరికైనా నవ్వొస్తుంది. అచ్చియ్యమ్మ నవ్వలేదు. ఊది ఇచ్చింది. ఒక్క మాట అనలేదు.

మూడో రోజు తవిటయ్య వచ్చాడు. చేతులనిండా తడి బూడిద. అప్పుడే చెంబెడు నీళ్లు పోసి పొయ్యి ఆర్పి వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది.

"నిప్పుందేటి సెల్లీ? మా ఇంట్లో ఆరిపోనాది."

అచ్చియ్యమ్మ ఆ చేతులవైపు చూసింది. ఇంకా చూసింది. ఇల్లంతా పొగ, చుయ్యిమన్న చప్పుడు, ఆ గుప్పెడు మనిషి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"మల్లీ ఆరిపోనాదా?" అని అరిచింది. "సేతికి బూడిదైనా కడుక్కోలేదు, అబద్దమాడ్డానికొచ్చినావు! సిగ్గులేదా నీకు? ఆ ముసిల్ది ఊరందరికీ ఇదే నేర్పిపోనాదా?" అరుస్తూనే ఊదింది. ఊదుతూనే ఏడ్చింది. నిప్పు ఎర్రగా లేచింది.

తవిటయ్య వీధిలోకి తిరిగి, "తిట్నాదీ!" అని కేకేశాడు. అన్ని తలుపులూ తెరుచుకున్నాయి.

ఆ తర్వాత అగ్గిపెట్టెలు వచ్చాయి. గ్యాసు పొయ్యిలూ వచ్చాయి. అయినా చలిగొందిలో మబ్బు దిగిందంటే ఇప్పటికీ పొయ్యి కట్టేసి, ఒక చిన్న పెంకు పట్టుకుని పక్కింటికి వెళ్తారు. దాన్ని పైడమ్మ నిప్పు అంటారు. అడిగినవాణ్ణి ఇంటివాళ్లు తిట్టాలి. "మళ్లీ ఆరిపోయిందా? సిగ్గులేదా?" అని గట్టిగా తిడితే, అడిగినవాళ్లు నవ్వుకుంటూ వెళ్తారు. మర్యాదగా, మాట్లాడకుండా ఇచ్చారా, మర్నాడు ఆ ఇంటికి ముగ్గురు వెళ్తారు.

కథ ఇంతే. ఇందాకట్నుంచి ఆ మూల ఎవరో ఊఁ కొట్టడం మానేశారు. నన్ను పొగడటం తర్వాత, ముందు ఒకరు లేచి ఆ మూలకి వెళ్లి నిప్పడిగి రండి.