అమ్మ సొరబుర్రలో జువ్వి మొక్క

అనగనగా ఒక అడవిలో, ఏరు మలుపు తిరిగే చోట, మర్రి జాతికి చెందిన ఒక పెద్ద జువ్వి చెట్టు ఉండేది. ఉండేది అన్నాను, విన్నారా? ఇప్పుడు లేదు. లేదు కాబట్టే ఈ కథ.

ఆ చెట్టు మీద కొండముచ్చుల గుంపు ఒకటి కాపురం ఉండేది. అందులో ముత్యాలు అని ఒక ఆడ కొండముచ్చు. ఆవిడ పుట్టింది ఆ చెట్టు మీదే, పెరిగింది ఆ చెట్టు మీదే, పిల్లల్ని కని పెంచిందీ ఆ చెట్టు మీదే. ఏటి వైపు వంగిన పెద్ద కొమ్మ ఒకటి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లలంతా ఆ కొమ్మ మీద బోర్లా పడుకుని, తోకలు కిందికి వేలాడేసి నిద్రపోయేవారు. ఏటి మీంచి చల్లగాలి వచ్చేది. పండిన జువ్వికాయలు టపటపా నీళ్లలో పడేవి. ఆ చప్పుడుకే నిద్ర పట్టేది, ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. ఏం రోజులర్రా అవి, తలుచుకుంటే కడుపు నిండిపోతుంది.

ఏట్లో మొసళ్లు ఉండేవి. అందుకని పిల్లల్ని నీళ్లకి దిగనిచ్చేవారు కాదు. ముత్యాలు వాళ్లమ్మే దిగి, సొరబుర్రలో నీళ్లు ముంచి పైకి తెచ్చేది. సొరబుర్ర అంటే తెలుసుగా? ముదిరిన సొరకాయని ఎండబెట్టి లోపలి గుజ్జు తీసేస్తే చెంబులా తయారవుతుంది. మూతి సన్నగా, పొట్ట గుండ్రంగా ఉంటుంది. పిల్లల పెదాలు గీసుకుపోకూడదని ఆ తల్లి దాని అంచుని పళ్లతో కొరికి కొరికి నున్నగా చేసింది. ఆవిడ పోయాక ముత్యాలుకి ఆవిడ గుర్తుగా మిగిలింది ఆ బుర్ర ఒక్కటే.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. ఏరు గట్టు తెంచుకుంది. జువ్వి చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. గుంపంతా పై కొండకి వెళ్లి బండల మధ్య కాపురం పెట్టింది. అక్కడ ఎటు చూసినా రాయే. మహావృక్షం మాట దేవుడెరుగు, గడ్డి మొలవడానికే మట్టి చాలదు. ముత్యాలు మనవలు ఆ బండల మీదే పుట్టారు. జువ్వి చెట్టు అంటే ఏమిటో వాళ్లకి తెలియదు. ఆవిడ చెప్పబోతే ఆవులించి పారిపోయేవారు. ముత్యాలుకి అదే దిగులు. తనతోనే ఆ చెట్టు పూర్తిగా పోతుందని ఆవిడ భయం.

ఒకసారి ఏటి దగ్గరికి దిగినప్పుడు, పడిపోయిన మాను తొర్రలో మూడు జువ్వి మొలకలు కనబడ్డాయి ఆవిడకి. అడవి చివర ఉన్న బంగళా వరండాలో ముత్యాలు ఒక వింత చూసి ఉంది. పళ్లెంలాంటి కుండీల్లో జానెడు చెట్లు, చూడటానికి ముసలి మానుల్లాగే ఉంటాయి. బోన్సాయ్ అంటారట వాటిని. అలాంటిదే నేనూ పెంచుతాను, బండ మీద పెట్టి మనవలకి చూపిస్తాను అనుకుంది. మూడు మొలకల్నీ పదిలంగా పైకి తెచ్చి, నాటేదాకా తడి నాచులో చుట్టి నీడలో ఉంచింది.

మొదటి మొలకని ఒక పెంకు మీద నాటింది. బంగళాలో చూసినవి పల్చటి కుండీలే కదా, అందుకని. పిడికెడు మట్టి, పైన ఇంత నాచు. చూడముచ్చటగా ఉంది. కానీ బండ మీద ఎండ ఎలా ఉంటుంది? పొద్దున్న పోసిన నీళ్లు మధ్యాహ్నానికే ఆవిరైపోయేవి. నాలుగు రోజులు తిరగకుండానే మొలక మాడిపోయింది.

బండ కింద కలుగులో గంగులు అని ఒక ముళ్లపంది ఉండేవాడు. మునిమాపు వేళ బయటికి వచ్చి, ఎండిన మొలకని వాసన చూసి తల ఆడించాడు.

“ఉయ్యాల్లో పడుకోవాల్సిన పిల్లని పెళ్లిపీటల మీద కూర్చోబెట్టావు వదినా,” అన్నాడు. “ఆ పల్చటి పళ్లేలు పెరిగిన చెట్లకి. పసిమొక్కకి లోతు కావాలి, వేరు దాక్కోవడానికి చోటు కావాలి.”

ముత్యాలుకి ఒళ్లు మండింది. గంగులు బతికేదే వేళ్లు తవ్వుకు తిని. దొంగకి తాళాలిచ్చినట్టు వీడి దగ్గరా నేను మొక్కల పెంపకం నేర్చుకునేది అని మూతి తిప్పుకుంది. అయినా మాట మాత్రం చెవిన వేసుకుంది.

రెండో మొలకని లోతైన పాత డబ్బాలో నాటింది. అడుగున చిల్లులున్నాయి, మట్టి మంచిది, మొలక కూడా నిలదొక్కుకుంది. కానీ ముత్యాలుకి తొందర. అసలు చెట్టు కొమ్మ ఏటి వైపు వంగి ఉండేది కదా, ఇదీ అలాగే వంగాలి. మొక్కై వంగనిది మానై వంగునా అనుకుంటూ ఒక తీగ తెచ్చి ఆ లేత కాండాన్ని మెలిపెట్టి కట్టేసింది. కొత్త ఆకు వస్తే గిల్లేసింది. వేరు పట్టిందో లేదోనని రోజూ పీకి చూసి మళ్లీ గుచ్చింది. ఆ ముద్దుకి తట్టుకోలేక అదీ చచ్చిపోయింది. వంగడానికి ముందు అది మొక్క అవ్వాలి కదా, ఇంకా మొలకేగా అని గంగులు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది ఒక్కటే. ఇది పోతే జువ్వి చెట్టు వంశమే పోయినట్టు. ముత్యాలు చాలా ఆలోచించింది. ఆఖరి దాన్ని ఊరికే ఎందులో పడితే అందులో పెట్టడానికి మనసు ఒప్పుకోలేదు. వెళ్లి అమ్మ సొరబుర్ర తీసుకొచ్చింది. అమ్మ బుర్రలో అమ్మ చెట్టు. ఇంతకంటే ఏం కావాలి?

గంగులు చూసి ఈసారి నవ్వలేదు. రెండు లోపాలున్నాయని నెమ్మదిగా చెప్పాడు. ఒకటి, అడుగున చిల్లు లేదు, నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. రెండోది, మూతి సన్నం, పొట్ట పెద్దది. లోపల వేళ్లు పెరిగాక మొక్కని బయటికి తీయాలంటే దారి ఉండదు, బుర్ర పగలగొట్టాల్సిందే. పక్కనే పడి ఉన్న కుండ ఒకటి చూపించాడు. అంచు విరిగింది, మసి పట్టింది, కానీ మూతి వెడల్పు, అడుగున చిల్లు ఉంది. ముత్యాలు దాని వంక కూడా చూడలేదు. చివరికి అతి కష్టం మీద చిల్లులకి మాత్రం ఒప్పుకుంది. వడ్రంగిపిట్ట వచ్చి బుర్ర అడుగున టకటకా పొడుస్తుంటే, చూడలేక మొహం పక్కకి తిప్పుకుంది.

“మరి రెండో సంగతి?” అన్నాడు గంగులు.

“ఆ రోజు వచ్చినప్పుడు చూద్దాం,” అంది ముత్యాలు.

మూడోది బతికింది. ముత్యాలు బుద్ధి తెచ్చుకుంది మరి. పీకి చూడలేదు, మెలిపెట్టలేదు. మట్టిలో వేలు పెట్టి చూసి, తడి ఆరితేనే నీళ్లు పోసేది. పొద్దుటి ఎండ తగలనిచ్చి మధ్యాహ్నం నీడకి జరిపేది. మొక్క ఆకు మీద ఆకు వేసింది. సాయంత్రాలు ఆవిడ దాని పక్కన చేరి ఏరు గురించి, వంగిన కొమ్మ గురించి, నీళ్లలో పడే జువ్వికాయల గురించి చెప్పేది. ఎదురుగా ఒక పచ్చటి మొక్క ఉంది కాబట్టి మనవలు ఇప్పుడు కూర్చుని వినేవారు. కొంచెం కొంచెంగా పాత రోజులు ఆ బండ మీదికి తిరిగి వస్తున్నట్టు ఉండేది ముత్యాలుకి.

రెండో వేసవికి ఆకులు పసుపుపచ్చబడ్డాయి. ఒకటి రాలింది, తర్వాత ఇంకొకటి. పోసిన నీళ్లు లోపలికి దిగకుండా పైనుంచే పొర్లిపోతున్నాయి. గంగులు బుర్ర అడుగున ముక్కు పెట్టి వాసన చూశాడు. చిల్లుల్లోంచి వేళ్లు బయటికి తొంగి చూస్తున్నాయి. లోపల మట్టి కంటే వేళ్లే ఎక్కువయ్యాయి, మొక్కకి ఊపిరాడటం లేదు, తొలకరి పడగానే పగలగొట్టు అన్నాడు.

ముత్యాలు రేపు చూద్దాం అంది. తొలకరి పడింది. మళ్లీ రేపు అంది. ఆకులు సగం రాలిపోయాయి. ఇంకొక్క రోజు అంది. బుర్రని ఒళ్లో పెట్టుకుని, ఆ నున్నటి అంచుని వేలితో రాస్తూ కూర్చునేది. తిండి కూడా సహించలేదు పాపం. ఒకవైపు అమ్మ, ఒకవైపు చెట్టు. ఎటు చూసినా పోయేది తనదే.

ఒక సాయంత్రం గంగులు వచ్చేసరికి కొమ్మ చివర నాలుగు ఆకులు మాత్రం మిగిలి ఉన్నాయి.

“ఇది పగిలితే మా అమ్మది ఇంకేం మిగలదు గంగులూ,” అంది ముత్యాలు.

గంగులు బుర్ర అంచుని ముక్కుతో తాకి చూశాడు.

“ఆవిడ ఈ అంచుని ఎందుకు కొరికింది వదినా?” అన్నాడు తర్వాత. “బుర్ర అందంగా ఉండాలనా? తాగే పిల్లలకి నొప్పి కలగకూడదనా?”

ముత్యాలు మర్నాడు పొద్దున్నే లేచి, ఒక రాయి తీసుకుని, కళ్లు మూసుకోకుండానే బుర్ర పొట్ట మీద ఒక్కటి వేసింది. బుర్ర రెండు చెక్కలైంది.

లోపల ఏముందనుకున్నారు? మట్టి కనబడలేదు. వేళ్లన్నీ ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, అచ్చం బుర్రలాగే గుండ్రంగా నిలబడి ఉన్నాయి. అదే పొట్ట, అదే సన్నటి మెడ. ముత్యాలు మొహం వెలిగిపోయింది. బుర్ర పోలేదు, రూపం ఇందులోనే ఉంది, దీన్ని ఇలాగే ఆ కుండలో పెట్టేస్తాను అంది.

గంగులు ముళ్లు ఒకసారి గలగలలాడాయి. చెప్పడానికి వాడికీ కష్టంగానే ఉంది.

“అలా పెడితే ఆ వేళ్లు అలాగే చుట్టుకుంటూ పోయి, ఒకనాడు మొక్క గొంతే పిసికేస్తాయి. చిక్కు విప్పాలి వదినా. విప్పి, చచ్చినవీ మరీ పొడుగువీ కొంచెం కొరికేయాలి. ఆ రూపం కూడా పోతుంది.”

పగలగొట్టడం ఒక్క దెబ్బ. ఇది అలా కాదు, చేజేతులా మెల్లగా పోగొట్టుకోవాలి. ముత్యాలు చాలాసేపు ఆ వేళ్ల ముద్దని చూస్తూ కూర్చుంది. తర్వాత నీడకి తీసుకెళ్లి, ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేరునీ విప్పడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, చివర నుంచి మొదటికి. తడి ఆరిపోతుంటే నాలుగు చుక్కలు చిలకరించింది. గట్టిగా ఉన్న చోట లాగలేదు, వేలికొసతో అటూ ఇటూ కదిపి, వదిలేదాకా ఆగింది. కుళ్లినదాన్ని గంగులు వాసన చూసి చెబితే కొరికి పారేసింది. మంచి వేరు ఒక్కటి కూడా తెగలేదు.

గంగులు నోరు వెళ్లబెట్టి చూశాడు. పుట్టినప్పటి నుంచి వేళ్లతోనే బతుకుతున్న వాడికి కూడా ఆ ఒడుపు లేదు.

“ఇంత మెత్తగా చిక్కు తీయడం ఎవరు నేర్పారు వదినా నీకు?”

ముత్యాలు చేతులు ఆగిపోయాయి. వాటి వంక చూసుకుంది. జువ్వి కొమ్మ మీద పడుకోబెట్టుకుని, పేలు చూస్తూ, నొప్పి తెలియకుండా బొచ్చులో చిక్కు తీసే చేతులు గుర్తొచ్చాయి. అచ్చం అవే కదలికలు.

“మా అమ్మ,” అంది. అని బావురుమంది. అమ్మ పోయాక అంత గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. ఏడుస్తూనే మిగిలిన చిక్కు కూడా తీసింది.

మొక్కని ఆ మసికుండలో నాటారు. అడుగున గులకరాళ్లు, పైన ఇసుక కలిపిన మట్టి. కొన్నాళ్లు నీడలో ఉంచారు. ఉన్న నాలుగు ఆకులూ రాలిపోయాయి. ముత్యాలు భయపడలేదు, వేలు పెట్టి తడి చూసుకుంటూ ఓపిక పట్టింది. వానలు ముదిరాక ఒక ఎర్రటి మొగ్గ కళ్లు తెరిచింది. కొన్నేళ్లకి కాండం లావెక్కింది, అప్పుడు పల్చటి పళ్లెంలోకి మార్చింది. కొమ్మ ఏటి వైపు వంగలేదు, దానికి నచ్చిన వైపు వంగింది. ముత్యాలు దాన్ని కట్టలేదు.

ఇప్పుడు ముత్యాలు లేదు. ఆ చెట్టుని మనవరాళ్లు చూసుకుంటున్నారు. కుండ మార్చే ఏడు వస్తే అందరూ చుట్టూ చేరి వేళ్ల చిక్కు తీస్తారు. పైనుంచి కిందికి, చివర నుంచి మొదటికి. ముత్యాలు వాళ్లమ్మని వాళ్లలో ఎవరూ చూడలేదు. చేతులకి మాత్రం ఆవిడ తెలుసు.

నీతి: ప్రాణం ఉన్నదానికి ఇరుకైతే ఎంత ముద్దైన పాత్రనైనా వదులుకోవాలి, పెద్దల జ్ఞాపకం వాళ్లిచ్చిన వస్తువులో కంటే వాళ్లు నేర్పిన పనిలోనే పదికాలాలు బతుకుతుంది.