గంట కట్టనివాళ్ళ సాక్ష్యం

మందారగిరి రాజు గంగభూపతికి ఏ మాటైనా రాతి మీద చెక్కించందే నిద్రపట్టదు. ఆ ఏడాది జ్వరాలు ఊరిని చుట్టబెట్టాయి. "రోగులకు పరిచర్య ఎలా చేయాలో శాసనం వేయిస్తాను. నియమాలు ఇప్పుడే తేల్చండి!" అన్నాడు నిండుసభలో.

రాజవైద్యుడు భైరవభట్టు మీసం దువ్వుకుంటూ లేచాడు. "ఏముంది ప్రభూ! జ్వరం తగిలినవాడికి చుక్క నీళ్ళివ్వకూడదు. అదే మొదటి నియమం."

ఆ మాట విదూషకుడు ఓబన్న చెవిన పడింది. రాజును నవ్వించడం అతని కొలువు. కానీ వాళ్ళమ్మ మల్లమ్మ భట్టు వైద్యశాలలోనే మంచం పట్టి, నాలుక పిడచగట్టి, "నీళ్ళురా నాయనా" అని ఏడుస్తోంది. భట్టుకు భయపడి పరిచారికలు చాటుగా తడిగుడ్డతో పెదాలు తుడుస్తున్నారు. ఆ మాట రాయికెక్కిందా, ఇక అదీ ఉండదు.

"రుజువేమిటి భట్టుగారూ?" అన్నాడు ఓబన్న.

"వైద్యశాల గుమ్మం చూడలేదుటోయ్? నయమైన ప్రతివాడూ అక్కడో గంట కట్టి పోతాడు. లోపలికి వెళ్ళాలంటే తలకు తగులుతున్నాయి! వాళ్ళలో ఒక్కడికీ నేను నీళ్ళివ్వనివ్వలేదు!"

రాజు తలూపాడు. శిల్పి ఉలి అందుకున్నాడు.

"ఆగండాగండి!" ఓబన్న ముందుకు ఉరికాడు. "నాదీ ఓ నియమం చెక్కించండి ప్రభూ. మదమెక్కిన ఏనుగు ఎదురైతే పరుగెత్తకూడదు. నిలబడి పాట పాడాలి. అది ముట్టుకోదు!"

సభంతా గొల్లుమంది.

"మరి నీ రుజువేదిరా?" అన్నాడు రాజు.

ఓబన్న చప్పట్లు చరిచాడు. గుమ్మం దగ్గరున్న ఇద్దరు కావలివాళ్ళు వచ్చి, మదమెక్కిన పట్టపుటేనుగు ముందు పాడి ప్రాణాలతో బయటపడ్డామని ఒట్టేసి చెప్పారు.

"ఇప్పుడది పెరట్లో గొలుసులు తెంపుకుంటోంది ప్రభూ! భట్టుగారిది కమ్మని గొంతు. వెళ్ళి దాని ముందు ఓ కీర్తన పాడొస్తే, రెండు నియమాలూ ఒకేసారి చెక్కేయొచ్చు."

"భేష్! పాడండి భట్టుగారూ!" రాజుకు హుషారొచ్చింది.

భట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "ఇదెక్కడి గోల ప్రభూ! బతికినవాళ్ళు సరే. పాడుతూ పాడుతూ దాని కాళ్ళ కింద పడ్డవాళ్ళెందరో! వాళ్ళొచ్చి సాక్ష్యం చెబుతారా? ఆ లెక్క తేలందే నేను అడుగు కదపను!"

ఓబన్న చేతులు జోడించాడు.

"నేనూ అదే మనవి చేస్తున్నాను స్వామీ. దాహంతో పోయినవాళ్ళు మీ గుమ్మానికి గంట కట్టలేదు కదా!"

రాజు తలపాగా జారేలా నవ్వాడు.

"శిల్పీ, ఉలి దించు! నీళ్ళు తాగినవాళ్ళేమయ్యారో, తాగనివాళ్ళేమయ్యారో, బతికినవాళ్ళనూ పోయినవాళ్ళ ఇంటివాళ్ళనూ అడిగి తేల్చాకే చెక్కుదువుగాని. అందాకా నోరు తెరిచి అడిగిన రోగికల్లా కాచి చల్లార్చిన నీళ్ళివ్వండి!" అంటూ మెడలోని ముత్యాలహారం తీశాడు. "ఇదిగో ఓబన్నా, పుచ్చుకో!"

ఓబన్న అప్పటికే సింహాసనం పక్కనున్న వెండి నీళ్ళచెంబు చంకలో పెట్టుకుని గుమ్మం దాటుతున్నాడు.

"హారం సాయంత్రం పుచ్చుకుంటాను ప్రభూ! మా అమ్మకు దాహమేస్తోంది!"